రెండో మైకు

వాసు ఆ ఉదయం ఫిషింగ్ హార్బరుకి రెండు కార్డ్‌లెస్ మైకులు తెచ్చాడు. ఒకటి సభ కోసం, రెండోది గవర్రాజు పరువు తీయడం కోసం.

వేట నిషేధం ముగిసి బోట్లు కదిలేముందు ఏటా జెట్టీ మీద సభ పెడతారు. ఈసారి బోట్ల సంఘం కొత్త అధ్యక్షుడు గవర్రాజుకి సన్మానం కూడా ఉంది.

ఒకప్పుడు గవర్రాజు నడిపిన బోటు మీదే వాసు తండ్రి అప్పలరాజు వేటకెళ్లాడు. ఇంజను పంకాకి వల చుట్టుకుంటే, నడుముకి తాడు కట్టుకుని విడదీయడానికి నీళ్లలో దిగాడు. మళ్లీ పైకి రాలేదు.

తాడు తెగిపోయిందన్నాడు గవర్రాజు. అంత లావు తాడు ఊరికే తెగదని రేవులో అందరికీ తెలుసు. అయినా అతని ఎదుట నోరెత్తినవాడు లేడు.

వాసుకి అప్పటి నుంచి కడుపు మండుతూనే ఉంది. సాక్ష్యం లేదు. చేయగలిగిందల్లా నలుగురిలో నవ్వులపాలు చేయడమే.

పోర్టు వైర్‌లెస్ సెట్లు అడ్డురాని ఫ్రీక్వెన్సీ వెతికి మొదటి మైకుని అందులో పెట్టాడు. రెండు మైకులు ఒకే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తే స్పీకర్లు గీపెట్టడమే తప్ప మాట వినిపించదు. సౌండువాళ్లెవరూ పొరపాటున కూడా చేయని ఆ పని వాసు కావాలనే చేశాడు. రెండో మైకునీ అదే ఫ్రీక్వెన్సీలో పెట్టి, ఆపేసి, బల్ల కింద దాచాడు. గవర్రాజు నోరు తెరవగానే మీట నొక్కాలి, అంతే.

యాంటెనాలు ఇనుప రేకుల పక్కన ఉంటే సిగ్నల్ నిలవదు. వాటిని వెదురు గడకి కట్టి ఎత్తుతుంటే ఎవరో ముసలాయన వచ్చి గడ పట్టుకున్నాడు. మెడ చుట్టూ తువ్వాలు. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

మాట్లాడుతూ జెట్టీ చివరిదాకా నడవమని వాసు ఆయన చేతికి మొదటి మైకు ఇచ్చాడు. సిగ్నల్ ఎక్కడా తెగలేదు కానీ ఆయన గొంతే లేవలేదు. ఏదో జబ్బు తినేసిన గొంతు. వాసుకి జాలేసింది. మైకు శబ్దాన్ని పెంచే గెయిన్ మీట తిప్పి, కూత రాకుండా స్పీకర్లని ముందుకి జరిపాడు. ఈసారి ఆ బొంగురు గొంతు జెట్టీ అంతా వినిపించింది.

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

"సాయంత్రం నాకోపాలి మైకిప్పిత్తావా బాబూ?"

"నీకెందుకు మావా?"

"గవర్రాజు గురించి నాలుగు ముక్కలు సెప్పాల. అందుకే ఇంత దూరం వచ్చినాను."

వాసు మనసు విరిగిపోయింది. ఇదీ భజన బాపతే అనుకున్నాడు. మైకు లాక్కున్నాడు. ముసలాయన ఎవరిదో ఇల్లు వెతుక్కుంటూ పేటలోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం జెట్టీ నిండిపోయింది. ఏనాడూ ఈ సభకి రాని వాసు తల్లి ఈశ్వరి ఆడవాళ్లలో ముందు వరసలో కూర్చుంది. మొగుణ్ని మింగినవాడికి సన్మానం చేస్తుంటే చూడ్డానికి ఈమెకి మనసెలా వచ్చిందని వాసుకి ఒళ్లు మండింది.

శాలువా కప్పడం అయ్యాక, గవర్రాజు మైకు అందుకుని నోరు తెరిచేలోపే ముసలాయన వేదికెక్కి చేయి చాపాడు. గవర్రాజు ఆయన్ని పోల్చుకోలేదు. పెద్దరికం ఒలకబోస్తూ తన చేతిలోని మైకు అందించాడు.

ముసలాయన వాసు వైపు చూసి చేయెత్తాడు. సౌండు పెంచమంటున్నాడనుకున్నాడు వాసు. గవర్రాజు కోసం దాచిన దెబ్బ ముందు ఈ భజనపరుడికే తగలనీ అని పళ్లు కొరికాడు.

"నాను..." అని మొదలుపెట్టాడు ముసలాయన.

వాసు బల్ల కింద మీట నొక్కాడు.

స్పీకర్లు గీపెట్టాయి. జనం చెవులు మూసుకున్నారు, ఆ తర్వాత నవ్వారు. ముసలాయన ఆగలేదు. పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఆ ఆయాసంలో తువ్వాలు జారి మెడ మీది పెద్ద పుట్టుమచ్చ బయటపడింది.

అది చూడగానే గవర్రాజు ఆయన్ని పోల్చుకున్నాడు, ముఖం పాలిపోయింది. గబుక్కున లేచి, ఆయన భుజం చుట్టూ చేయి వేసి, వేదిక దింపి తిన్నగా తన కారు దాకా నడిపించుకుపోయాడు. సన్మానం రసాభాసైంది. ఇన్నేళ్లకి వాసు కడుపు చల్లబడింది.

కారు హార్బరు గేటు దాటింది. ఈశ్వరి పరుగున వచ్చింది.

"ఆయన్నెక్కడికి తీసుకుపోయాడ్రా ఆడు?"

"ఆయన నీకెలాగ తెలుసే అమ్మా?"

ఈశ్వరి బల్ల పక్కనే కూలబడింది. ఆయన మధ్యాహ్నం ఇంటికొచ్చాడని, మైకు దగ్గరున్నది తన కొడుకేనని ఆయనకి చెప్పానని, ముందే తెలిస్తే కొడుకు కత్తి పట్టుకుపోతాడనే భయంతో తను నోరు మెదపలేదని ఏడుస్తూ చెప్పింది.

"మీ నాన్న తాడు గవర్రాజు కోసేత్తంటే అదే బోటు మీదుండి కళ్లారా సూసినోడు ఆయనొక్కడేరా."