మట్టి కడుపులో నాదం

బొమ్మ కడుపులో మనిషి దాగి ఉన్నాడని విశ్వేశ్వర పంతులు నిశ్చయానికి వచ్చాడు. రుజువు చేయడమే తరువాయి.

పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిదిలో ధూల్‌పేటలో, చవితి పందిరి పక్కన కాశమ్మ ఒక వింత మట్టిబొమ్మను నిలిపింది. మనిషి ఆకారం. కాళ్లు వేళ్లుగా మారి తడిమట్టిలోకి దిగాయి. చేతులు తీగలై సాగి, రాగిరేకుల ఆకులు తొడిగాయి. గుమ్మి అంత కడుపు. కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఫిట్టరుగా పనిచేసే ఆమె పెద్దకొడుకు భిక్షపతి ఆ కడుపులో ఏవో యంత్రాలు బిగించి, పందిరి గుంజనుంచి కరెంటు ఇచ్చాడు. చెప్పులు విడిచి, తడిమట్టిపై నిలిచి, రాగి ఆకును పట్టుకుంటే చాలు, బొమ్మ మ్రోగుతుంది. నిన్న సాయంత్రం బస్తీ అంతా పట్టి చూసింది. పసిపిల్లకు తుమ్మెదలా, ముసలివానికి శంఖంలా, ఎవరి నాదం వారిదే.

"మనిషి ఒంట్ల గూడ కరెంటుంటది అయ్యగారూ! మిషిన్ దాన్ని ఇంటది, గంతే," అన్నాడు భిక్షపతి.

దేహంలో అనాహతనాదం ఉన్నదని శాస్త్రం చెప్పనే చెప్పింది. దానిని వినడానికి యోగులకు జన్మలు చాలలేదు. ఈ ఫిట్టరుకు నాలుగు ఆదివారాలు చాలాయా? ఒక్క ఊపిరిలో పది శ్లోకాలు వల్లించే పంతులుకు ఆ మాట గొంతు దిగలేదు.

అనుమానానికి ఆధారమూ లేకపోలేదు. బొమ్మ వీపున చిన్న తలుపుంది. దానికి తాళముంది. తీయమంటే భిక్షపతి "మిషిన్ ఖరాబైతది" అన్నాడు. పైగా అతని తమ్ముడు అంజన్న భజనలో గొంతెత్తితే వీధి చివరికి వినిపిస్తుంది. నిన్న బొమ్మ మ్రోగినంతసేపూ అంజన్న జాడ లేదు.

ఈ పొద్దున స్నానం కాగానే పంతులు ఒంటరిగా వచ్చి పందిరికి ఒక ప్రదక్షిణం చేసి వెళ్లాడు. ఎనిమిది గంటలకు పావుకోళ్ల చప్పుడుతో మళ్లీ వచ్చేసరికి జనం మూగి ఉన్నారు. చవితి మండలి పెద్ద మొగులయ్య చెప్పులు విడిచి, దర్జాగా రాగి ఆకు పట్టుకున్నాడు.

నిశ్శబ్దం.

రెండో చేయీ వేశాడు. నిశ్శబ్దమే.

భిక్షపతి ముఖం పాలిపోయింది. "కరెంటు పోయినట్టున్నది అన్నా..."

"ఎదురుంగ హోటల్ల రేడియో పాడవట్టె! అదేంది, చాయ్ తాగి పాడుతున్నదా?" అన్నాడు మొగులయ్య.

జనం గొల్లున నవ్వారు. "పాడెటోడు ఈడ నిలవడ్డడు గదనే! బొమ్మ ఎట్ల పాడ్తది?" అంటూ ఎవరో అంజన్నను ముందుకు నెట్టారు.

"నిన్న సైదాబాద్‌ల పాలు పోయవోయిన! కావలిస్తే అడుగుండ్రి!"

అంజన్న మాట ఎవరూ వినలేదు. భిక్షపతి పందిరి వెనక్కి కదలబోతే కాలరు పట్టి ఆపారు.

"దేవుని పక్కన దొంగబొమ్మ వెడ్తవా కాశమ్మా? ఇగ ఈ బస్తీల నీ చేతి వినాయకున్ని ఎవ్వలు కొనరు. గడ్డపార తేండ్రి!" అని అరిచాడు మొగులయ్య.

కాశమ్మ ఏడవలేదు. ముప్పై ఏళ్లుగా మట్టి తప్ప మరో బతుకు ఎరుగని చేతులను కొంగుకు తుడుచుకుని పంతులు ఎదుట నిలిచింది.

"ఈళ్ల మాట నేనినను అయ్యగారూ. మీరు పట్టి చూడుండ్రి. మీరు దొంగదంటే, గడ్డపార నేనే ఏస్త."

చెప్పవలసిన మాట ఒకటి పంతులు నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ చూశాడు. అందరి కళ్లూ తనపైనే ఉన్నాయి. మాట వెనక్కి పోయింది.

పావుకోళ్లు విడిచాడు. మడి తప్పుతుందని వెనుకనుంచి ఎవరో హెచ్చరించినా వినిపించుకోలేదు. తడిమట్టిలో పాదాలు మోపి, ఆకు పట్టి, ఉత్తరీయం తలపై కప్పుకుని, బొమ్మ కడుపుకు ముఖం ఆన్చి మొక్కుతున్నట్టు నిలిచాడు.

క్షణం గడిచింది. సన్నగా తుమ్మెద రొద పుట్టింది. అది పెరిగి, బొంగురుపోయి, ఓంకారమై, మట్టి కడుపంతా నిండి ఎడతెగక సాగింది. హోటల్‌లో రేడియో కట్టేశారు. గడ్డపార నేలకొరిగింది.

మొగులయ్య లెంపలు వేసుకున్నాడు. "తప్పాయె కాశమ్మా! నా చెయ్యే పాపపుది. వచ్చే ఏడు పెద్ద వినాయకుడు గూడ నీదే."

అందరూ చేతులు జోడించారు, ఒక్క భిక్షపతి తప్ప. వాడు నోరు తెరిచి పంతులునే చూస్తున్నాడు.

"నిజమేనా అయ్యగారూ?" అని కాశమ్మ పాదాలంటింది.

"సత్యం తల్లీ. బొమ్మలో మోసం లేదు," అన్నాడు పంతులు, బొంగురు గొంతుతో.

జనం పలచబడేదాకా సందు మలుపున ఒక అరుగుపై కూర్చుని, మూసిన పెదవుల వెనుక ఓంకారం పట్టి పట్టి ఎండిన గొంతును చెంబునీళ్లతో తడుపుకుంటూ, పంతులు ఉత్తరీయపు ముడి విప్పి, పొద్దున ప్రదక్షిణంలో పందిరి గుంజనుంచి తానే ఊడబెరికిన ఫ్యూజును బయటికి తీశాడు.