పొగ పట్టిన కోటు

"అక్కడ కాదమ్మా, ఇక్కడే కూర్చుంటాను," అన్నాడు జివోరాద్.

కఫానా అనే ఆ కాఫీ హోటల్లో వడ్డించే యాగొదా చేతిలో పళ్ళెంతో అలాగే నిలబడిపోయింది. ఆయన లోపలికి రావడం చూసి, కిటికీ పక్కన గాలి తగిలే బల్ల గబగబా తుడిచి ఉంచింది. ఆయనేమో పొయ్యి పక్కకి, సిగరెట్టు పొగలో మనుషుల ముఖాలే సరిగ్గా కనబడని మూల బల్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. సిగరెట్టు మానేస్తున్నానని ఊరందరికీ చెప్పి, ఇంట్లో తెరల దగ్గరనుంచి ఒంటిమీద కోటుదాకా అన్నీ ఉతికించి, చేతికి నికోటిన్ పట్టీ అతికించుకుని తిరుగుతున్న మనిషి ఆయన. అప్పటినుంచీ ఈ గుమ్మం తొక్కలేదు.

మూల బల్ల దగ్గర స్రెతెన్, మిలాదిన్ డొమినో ఆడుతున్నారు. ముగ్గురూ ఒకే బస్సు డిపోలో పనిచేసి రిటైరైనవాళ్ళు. తాము జికా అని పిలిచే జివోరాద్‌ని చూడగానే స్రెతెన్ ముఖం వెలిగిపోయింది.

"నేను చెప్పలా, వీడు తిరిగొస్తాడని," అంటూ సిగరెట్టు పెట్టె తెరిచి ముందుకు తోశాడు. "తీసుకోరా జికా. సిగ్గెందుకు, మా దగ్గరేగా."

జివోరాద్ ఆ పెట్టెను వెనక్కి నెట్టాడు. "నేను తాగను. మీరు తాగండి."

"మరి ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"ఆ పొగ కాస్త ఇటు వదలండి. నా కోటు మీదికి."

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. పట్టీలోని మందు మెదడుకెక్కిందేమోనని మిలాదిన్ అనుమానపడ్డాడు. స్రెతెన్ మాత్రం వదల్లేదు. పక్కవాడి పొగ పీలుస్తూ నేను మానేశానని చెప్పుకోవడం, పెళ్ళే వద్దని ఒట్టు పెట్టుకుని ఊళ్ళో పెళ్ళిభోజనాలన్నిటికీ ముందే వెళ్ళి కూర్చోవడంలా ఉందని వెక్కిరించాడు. పక్క బల్లలవాళ్ళు కూడా నవ్వారు.

జివోరాద్ కోటు విప్పి, పొగ వచ్చే వైపు కుర్చీ వీపుకు తగిలించాడు. కాఫీ తెప్పించుకున్నాడు. అదే పొరపాటైంది. వేడి కాఫీ గొంతు దిగేసరికి వేళ్ళు వాటంతటవే బల్ల మీద సిగరెట్టు కోసం వెతకడం మొదలుపెట్టాయి. ఆయన రెండో చేత్తో చొక్కా మీదనుంచే భుజం దగ్గరి పట్టీని గట్టిగా అదిమి పట్టుకున్నాడు, ఊడి పారిపోతుందేమో అన్నట్టు.

అది స్రెతెన్ కంటపడింది. సిగరెట్టొకటి వెలిగించి జివోరాద్ వేళ్ళ మధ్య పెట్టాడు. ఆటపట్టించడానికే పెట్టాడు గానీ, మిలాదిన్ ఆట వదిలేసి అటే చూశాడు. గల్లా దగ్గరనుంచి యాగొదా కూడా చూస్తోంది. జివోరాద్ చేయి పెదవులదాకా వెళ్ళలేదు, కిందికీ దిగలేదు. నుసి పొడుగై కాఫీ సాసరులో రాలింది. అప్పుడాయన ఒళ్ళు వెనక్కి తిప్పి, ఆ సిగరెట్టును కోటు కాలరు పక్కకు పెట్టాడు. పూర్తిగా కాలేదాకా అలాగే పట్టుకుని, పీకను నలిపేశాడు.

"ఇంకొకటి వెలిగించివ్వు," అన్నాడు.

స్రెతెన్ గొంతులో వెటకారం పోయింది. "ఏమైందిరా నీకు?"

"ఇలాగే తాగితే ఎక్కువకాలం బతకవన్నాడు డాక్టరు. దెసాంకా కంటే ముందు నేను పోకూడదు. పోతే దాన్ని ఎవరు చూస్తారు? అందుకని తాగను."

కోటు సంగతి మాత్రం చెప్పలేదు. మిలాదిన్ ఇంకేమీ అడక్కుండా కుర్చీ దగ్గరికి జరుపుకుని, పీల్చిన పొగంతా కోటు మీదికి ఊదాడు. కాసేపటికి స్రెతెన్ కూడా ఊదాడు. డొమినో ముక్కలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

జివోరాద్ బయటికొచ్చేసరికి కళ్ళు మండుతున్నాయి, దగ్గు ఆగడం లేదు. వంతెన మీద గాలి విసురుగా కొడుతోంది. వాసన పోతుందేమోనని కోటును ఒంటికి బిగించి పట్టుకుని, వంతెన దాటి వృద్ధాశ్రమానికి నడిచాడు. మతిమరుపు జబ్బు ముదిరిన భార్య దెసాంకాను ఇంట్లో ఒక్కడే చూసుకోలేక అక్కడ చేర్చాడు. రోజూ మధ్యాహ్నం వెళ్ళి కూర్చుంటాడు.

గుమ్మంలోనే నర్సు స్లావిత్సా ఆపింది. పట్టీ ఎలా అతికించుకోవాలో, సిగరెట్టు మీదికి మనసు లాగినప్పుడు ఏం చేయాలో ఆయనకు నేర్పింది ఆవిడే. "మళ్ళీ మొదలెట్టారా జికా గారూ?" అంది. కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది ఆ మాటలో.

ఆయన చొక్కా చేయి పైకి లాగి పొద్దున అతికించుకున్న పట్టీ చూపించాడు. నోరు వాసన చూడమన్నాడు. చూసింది. కాఫీ వాసన తప్ప ఇంకేమీ లేదు. ఆవిడకేమీ అర్థం కాలేదు. లోపల ఊపిరాడని పెద్దవాళ్ళుంటారు, కనీసం ఆ కోటైనా ఇక్కడ విప్పి వెళ్ళమంది.

"దెసాంకా గది తలుపు వేసేసుకుంటాను. కోటు మాత్రం విప్పను," అన్నాడు జివోరాద్. గొంతు పెంచలేదు. అయినా స్లావిత్సా పక్కకు తప్పుకుంది.

దెసాంకా కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఆయన్ని చూడగానే రెండు చేతులూ శాలువాలోకి లాగేసుకుని ముఖం గోడవైపు తిప్పుకుంది. జివోరాద్ తలుపు వేసి, ఆమె ముందు నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుని, కోటు కాలరు ఆమె ముఖం దగ్గరికి తెచ్చాడు. ఆమె ఒకసారి గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది. శాలువాలోంచి చేతులు బయటికి తీసి, ఆ కాలరును గుప్పిళ్ళతో పట్టుకుని, ముఖం అందులో దాచుకుంది.

"వచ్చావా జికా," అంది. "నువ్వు రావడం మానేశాక ఎవడో పరాయివాడు రోజూ వచ్చి నా చేయి పట్టుకుని కూర్చుంటున్నాడు, వాణ్ణి ఇంక రానివ్వొద్దని చెప్పు."