ట్యాంకరు కుళాయి

ఎనభై ఏడు వేసవి. పర్చూరు దగ్గర ఎండిన మిరప చేలో లేజర్ యంత్రం గాలిలోని నీటి ఆవిరిని కొలుస్తోంది. అది వేడెక్కకుండా చల్లబరచడానికి ట్యాంకరుతో నీళ్ళు తెప్పించారు.

పున్నమ్మ బిందెతో వచ్చి, కుళాయి దగ్గరున్న టెక్నీషియన్ యేసుపాదాన్ని అడిగింది. “అయ్యగారూ, పాలెంలో బావి ఎండిపోయిందండి. ఒక్క బిందె పట్టుకోనివ్వండి.”

అతను తల దించుకున్నాడు.

“మిషన్‌కే చాలవు, పో!” అన్నాడు పెద్ద సైంటిస్టు. కుళాయి తిప్పి తీరిగ్గా బూట్లు కడుక్కున్నాడు. పుక్కిలించి ఆమె ముందే ఉమ్మాడు.

యేసుపాదం వెళ్ళి యంత్రం ఆపేశాడు. బిందె అందుకుని కుళాయి కింద పెట్టాడు.

“ఎవర్రా ఆవిడ నీకు?”

“మా అక్కండి. నా పరువు పోతుందని నన్నే అయ్యగారూ అంది. నేను ఎరగనట్టు నిలబడ్డానండి.”