కోడిగుడ్డు తీర్మానం

పాఠశాల కమిటీ సమావేశాలకు మనుషులు రావడం మానేసి చాలా కాలమైంది. వాళ్ల బదులు కంప్యూటర్ తయారుచేసిన వాళ్ల ప్రతిరూపాలే తెర మీద కూర్చుని, అచ్చం వాళ్లలాగే మాట్లాడి చేతులెత్తుతాయి.

ఆ రోజు అన్నాల బెల్లు దగ్గరపడినా సమావేశం తెమల్లేదు. పిల్లలకు గుడ్డు ఉడకబెట్టి ఇవ్వాలా, పులుసులో వేసి పెట్టాలా అన్నదే విషయం. తీర్మానం కాందే వంటావిడ గుడ్లు ముట్టుకోనంది. హెడ్మిస్ట్రెస్ విజయశారద ఇక ఆగలేక, చైర్‌పర్సన్ నూకరత్నాన్ని రొయ్యల చెరువు దగ్గర్నుంచి పిలిపించింది.

నూకరత్నం వచ్చి తెర వైపు చూసింది.

"అధ్యక్షురాలు ఎలాగంటే అలాగే," అంటున్నాయి సభ్యుల ప్రతిరూపాలు.

"సభ్యులు ఎలాగంటే అలాగే," అంటోంది ఆమె ప్రతిరూపం.

పొద్దుటి నుంచీ ఇదే వరస.

"నేనిలాగే మాట్లాడతానేంటండీ?" అంది నూకరత్నం.

"ఇదే నయమండీ. మీరైతే మధ్యలో టీ కూడా అడుగుతారు," అంది విజయశారద.

వరండాలో పిల్లలు కంచాలు మోగిస్తున్నారు. నూకరత్నం కొంగు బిగించి తెర ముందు నిలబడింది. కమిటీలో చేరాక మొదటిసారి ఒక మాట తేల్చి చెప్పింది.

"పులుసులోనే ఏసెయ్యండి."

తెర మీద చేతులన్నీ లేచాయి. "అధ్యక్షురాలు ఎలాగంటే అలాగే," అని అందరికంటే ముందు అన్నది ఆమె ప్రతిరూపమే.