జంటలో రెండో గిన్నె

ఇప్పుడు విశాఖలో పాత వస్తువేదీ ఒక్కరి సొంతం కాదు, ఫోనులో వాటాలు కొన్న వేలమందిది. హైమ తండ్రి ఏరికోరి కొన్న చైనా మింగ్ రాజుల తొలినాటి రాగి ఎరుపు పింగాణీ గిన్నెల జంట కూడా వాటాలైపోయింది. ఆమెకు మిగిలింది కాపలా.

ఆ ఉదయం వాటాలమ్మే కంపెనీ మనిషి సుత్తితో వచ్చాడు. "ఒకటి పగిలితే, అలాంటిది లోకంలో ఇంకొక్కటే మిగులుద్దండి. వేలంలో మూడింతలు పలుకుద్ది. వాటాదారులు పగలగొట్టమనే ఓటేశారు."

"మా ఆయన వేసుండరు," అంది హైమ. భర్త శేషగిరికీ వాటాలున్నాయి.

"అందరికన్నా ముందు వేసింది ఆయనేనండి."

పక్కనే కూర్చున్న శేషగిరి ఫోనులోంచి తలెత్తలేదు. "గిన్నే కదే," అన్నాడు.

తండ్రి దాన్ని పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకునేవాడు. హైమ ఒక గిన్నెను కొంగుతో ఒకసారి తుడిచి, భర్త ముందు పెట్టింది. "మీరే కొట్టండి."

అతను కొట్టాడు. ఎర్రటి పెంకులు గదంతా చెదిరాయి. వెంటనే ఫోను చూసుకుని, "రెండోదాని ధర నాలుగింతలైంది," అన్నాడు నవ్వాపుకోలేక.

హైమ రెండో గిన్నెను పెట్టెలో సర్ది కంపెనీ మనిషి చేతికిచ్చింది. "దీన్ని తీసుకెళ్లండి. కాపలాకి ఈయన్నీ తీసుకెళ్లండి."

ఇద్దరూ గుమ్మం దాటాక తలుపు గడియ పెట్టింది.