ఆ మాటకు తెలుగు

“ఈ వీధిలో పిల్లలు పుల్యులేట్ అవుతున్నారు” అని ఇళ్ల కూల్చివేతకు రాసిన ఇంగ్లీషు నోటీసులో ఉంది. అనువాదకురాలు దాన్ని “పురుగుల్లా లుకలుకలాడుతున్నారు” అని తెలుగు చేసింది.

అది చూసి అధికారి మొహం మాడిపోయింది. “ఏంటమ్మా ఇది? రేపు ఆ వీధివాళ్ల ముందు చదవాల్సిన కాగితం! ఆ మాటకి మొలకెత్తడం అనే అర్థం కూడా నిఘంటువులో ఉంది. అది రాయండి, ముద్దుగా ఉంటుంది.”

“మొలకెత్తుతున్నారని ఇళ్లు కూలుస్తున్నారా సార్? పై వాక్యంలో ఎలుకలు, కింద వాక్యంలో దోమలు. మధ్యలో ఆ మాటకి ఇంకో అర్థం ఎక్కడినుంచి తేను?”

“పోనీ, కిటకిటలాడుతున్నారని రాయండి. లేకపోతే పెద్ద గొడవైపోతుంది.”

“ఇంగ్లీషులో తిట్టింది మీరు. తెలుగులో బుజ్జగించమని నాకు చెబుతారా? ఎవరికీ తెలియదనేగా ఏరికోరి ఆ మాట వాడారు! ఒక్క అక్షరం కూడా మార్చను.”

“అయితే మీరే చదవండి. జనం మీద పడితే నన్నడగొద్దు.”

మర్నాడు ఉదయం ఆమె వీధి మధ్యలో నిలబడి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. చంకల్లో బిడ్డలతో నిలబడ్డ తల్లులు నిర్ఘాంతపోయారు.

“అభ్యంతరం ఉన్నవాళ్లు ఇంటి నంబరు చెప్పండి, రాసుకుంటాను” అన్నాడు అధికారి విసుగ్గా.

ఆమె నోటీసు అతని చేతిలో పెట్టి, నడిచి వెళ్లి ఆ తల్లుల పక్కన నిలబడింది.

“ముందు నాది రాసుకోండి సార్. నలభై రెండో నంబరు. నాకిద్దరు పిల్లలు.”