ఎడమ చేత్తో గీసిన బొమ్మ

బడి వరండా గోడ మీద వరసగా బొమ్మలు అంటించి ఉన్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు.

బడికి పెద్ద, డైరెక్టర్ వెల్చెవ్ ఒక బొమ్మ ముందు ఆగిపోయాడు. పొడవాటి మనిషి. ఒక భుజం కిందికి జారి ఉంది. చేతిలో స్కేలు, చేతికన్నా పొడుగు. ఎదురుగా చిన్న పిల్లలు. ఏ ఒక్కరికీ నోరు లేదు.

"అరే, మన డైరెక్టరే రా! ఆ భుజం చూడు!" వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తిరిగేసరికి నాలుగో తరగతి పిల్లలు పరుగందుకున్నారు.

వెల్చెవ్ ఆ కాగితాన్ని పీకి జేబులో కుక్కుకున్నాడు.

టీచర్ల మనసులు తేలికపడాలని బొమ్మలతో వైద్యం చేసే కాలినాని ఈమధ్యే రాజధాని సోఫియా నుంచి పిలిపించారు. మొదటి రోజు ఆమె బడిలో పనిచేసేవాళ్ళని ఒక్కరినీ వదలకుండా కూర్చోబెట్టింది.

"కళ్ళు మూసుకోండి. ఎడమ చేత్తో, మీరు భయపడిన మనిషిని గీయండి. బాగా వచ్చిందో, ఊరుకోను!"

అందరూ నవ్వారు. కళ్ళు తెరిచేలోపే కాగితాలు తీసేసుకుంది. ఎవరి బొమ్మ ఎలా వచ్చిందో వాళ్ళే చూడలేదు. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఎవరిని గీశారో అడిగింది. పేర్లు లేకుండా గోడకెక్కిస్తానంటే అందరూ సరేనన్నారు.

వెల్చెవ్‌కి ఆ బొమ్మ ఎవరు గీశారో పెద్దగా ఆలోచించే పనిలేకపోయింది. మొన్న మీటింగులో "మా నోళ్ళు నొక్కేస్తున్నారు" అని లేచి నిలబడింది నాలుగో తరగతి టీచర్ స్నెజానా ఒక్కతే. ఇప్పుడు నోరులేని పిల్లల్ని గీసింది. ఆమెని గదికి పిలిపించాడు.

"రేపట్నుంచి మీ నాలుగో తరగతి వేరేవాళ్ళు చూస్తారు. మీరు లైబ్రరీలో కూర్చోండి."

"ఒకటో తరగతి నుంచి నా చేతులమీద పెరిగిన పిల్లలండీ! ఈ ఏడు చదువు అయిపోడానికి ఇంకో రెండు నెలలేగా. నేనేం చేశాను?"

"బొమ్మలు బాగా వేస్తారుగా. అక్కడ తీరిగ్గా వేసుకోండి."

మార్చి ఒకటి పండక్కి పిల్లలు తన మణికట్టుకి కట్టిన ఎర్రా తెల్లా దారాన్ని ఆమె ఒకసారి తిప్పుకుంది. ఏడవకుండానే వెళ్ళిపోయింది.

ఏడవకపోవడం వెల్చెవ్‌కి నచ్చలేదు. కాగితం తీసుకుని పై అధికారులకి రిపోర్టు మొదలుపెట్టాడు. రెండో పేజీలో ఉండగా కాలినా వచ్చింది.

"ఒక బొమ్మ కనబడటం లేదు డైరెక్టర్ గారూ."

ఆయన జేబులోంచి తీసి బల్ల మీద పడేశాడు. "ఎవరు గీశారో చెప్పు."

"గీసినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ చెప్పనండీ."

"నువ్వు చెప్పేదేంటమ్మా? గీసింది స్నెజానాయే. క్లాసు పీకేశాను. ఈ రిపోర్టు వెళ్ళిందంటే ఇక ఏ బడిలోనూ సుద్దముక్క ముట్టుకోదు. నా బొమ్మే గీస్తుందా!"

కాలినా కాగితం మడతలు అరచేత్తో మెల్లగా సాపు చేసింది.

"ఇది మీరు గీసిందే డైరెక్టర్ గారూ," అంది, "'మా నాన్నని గీశాను' అని కూడా మీరే నాతో చెప్పారు."